పాత తారీఖు ఉంటదా, పోతదా

పోశవ్వకు చదువు రాదు. అయినా మా ఆఫీసులో తప్పు పట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఈ మాటంటే మా టీం లీడర్ జగన్ నవ్వుతాడు. నవ్వనీ, అతనికి నవ్వడం తప్ప ఏమొచ్చు?

జనగామలో ఒక బట్టల దుకాణం పైన మా ఆఫీసు. ఏఐ ఏజెంట్లని ఉంటాయి, మనం ఫోన్ చేసి అడిగితే మనిషి బదులు పనులు చేసిపెట్టేవి. ఒక్కో పనికి వాటి చేతికి ఒక్కో టూల్ ఇస్తారు. ఆ టూల్ ఏం చేస్తుందో రెండు మూడు వాక్యాల్లో రాసిపెడతారు. ఏజెంట్‌కు ఆ రాతే దిక్కు. రాత ఎంత బాగుందో చదివి ఐదుకు మార్కులు వేయడం నా పని.

పోశవ్వది బచ్చన్నపేట దగ్గర పల్లె. పొద్దున్నే బస్సులో వచ్చి మా ఆఫీసు ఊడ్చి, తుడిచి, టీ పోస్తుంది. ఆమె భర్త కిష్టయ్యకు కిడ్నీలు పాడయ్యాయి. సోమవారం, గురువారం జనగామలోనే ఒక ప్రైవేటు సెంటర్లో డయాలసిస్. "ఒక్కపారి తప్పినా మనిషి ఉబ్బుతడు బిడ్డా" అనేది. ఆమె వారమంతా ఆ రెండు రోజుల చుట్టే తిరిగేది.

ఒకరోజు టీ గ్లాసు పెడుతూ "ఏం సదువుతున్నవ్ కల్పనా?" అంటే పైకి చదివాను. టూళ్లు రెండు, రాత మాత్రం ఇంచుమించు ఒకటే. "మరి రెండిట్ల ఏది ఎప్పుడు తియ్యాలె?" అంది. నేనప్పటికే నాలుగు వేయబోతున్నాను. సిగ్గేసింది. ఆనాటి నుంచి స్టూలు లాక్కుని కూర్చునేది, నేను చదివేదాన్ని. ప్రతిదానికీ ఒకటే అడిగేది: "గిది ఎప్పుడు వాడొద్దో రాసిండ్రా?"

ఆ ప్రశ్న ఆమెకు ఊరికే రాలేదు. ఒక ఏడు కిష్టయ్య గడ్డిమందు కొట్టిన పంపును కడగకుండా దాంతోనే పత్తికి పురుగుమందు కొట్టాడు. రెండెకరాల పత్తి ముడుచుకుపోయి చచ్చింది. "మందు అమ్మినోడు అది ఏం చేస్తదో చెప్పిండు. మనం ఏం చెయ్యొద్దో చెప్పలే. మేమన్న అడగాలె గదా, అడగకపోతిమి" అంది. అడగకపోవడాన్ని మించిన తప్పు లేదని ఆమె నమ్మకం.

నవంబరులో డయాలసిస్ సెంటర్ టూల్ ఒకటి వచ్చింది. ఏ సెంటర్‌దో మాకు చెప్పరు. "రోగి డయాలసిస్ తేదీని మారుస్తుంది. పని ముగిశాక 'తేదీ మార్పు పూర్తయింది' అని తెలుపుతుంది." అంతే రాసుంది. పోశవ్వ స్టూలు ముందుకు జరుపుకుంది.

"కొత్త తారీఖు దొరక్కపోతే పాత తారీఖు ఉంటదా, పోతదా?"

రాయలేదు. ఆమె ప్రశ్ననే కింద వ్యాఖ్యగా రాసి, రెండు మార్కులు వేశాను.

సాయంత్రం జగన్ వచ్చాడు. "కల్పనక్కా, గిన్ని రెండులు ఏస్తే బ్యాచ్ మొత్తం వాపస్ వస్తది. రాత మంచిగనే ఉంది గదా."

"అడిగినదానికి జవాబు లేదు తమ్మీ."

"గదంత ఇంజనీర్లు చూసుకుంటరు. నువ్వు జర రాత వరకే చూడు."

కోపమైతే వచ్చింది, పౌరుషమే రాలేదు. రెండును నాలుగు చేశాను. వ్యాఖ్య తుడిపేశాను. ఇంటికి పోయి మామూలుగానే అన్నం తిన్నాను.

జనవరి చివర్లో మేడారం జాతర. బుధవారం పొద్దటి బస్సు తర్వాత పోశవ్వ వాళ్ల ఊరికి బస్సులుండవని, అన్నీ జాతరకే పోతాయని కండక్టర్ చెప్పాడట. గురువారం డయాలసిస్ బుధవారానికి మార్చమని కిష్టయ్య సెంటర్‌కు ఫోన్ చేశాడు. మాట్లాడింది ఏజెంటే. మంగళవారం పోశవ్వ ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. "తేదీ మార్పు పూర్తయింది" అని మెసేజ్.

"మారింది పోశవ్వా" అన్నాను.

"ఏ దినమో రాసిండ్రా?"

"రాయలే. మల్లొక మెసేజ్ వస్తదేమో."

వేరే పనిలో ఉండి అన్నాను. ఆ మూడు మాటలు ఎక్కడో చదివినట్టు కూడా తోచలేదు.

బుధవారం ఇద్దరూ సెంటర్‌కు వచ్చారు. జాబితాలో పేరు లేదంటే పోశవ్వ నాకు ఫోన్ చేసింది. పరుగున పోయాను. కౌంటర్లో పిల్ల కంప్యూటర్ చూసి చెప్పింది: "మార్చమన్నరు గదా మేడం. పాత తారీఖు అప్పుడే పోయింది, ఏరేటోళ్లకు ఇచ్చినం. కొత్తది ఖాళీ ఉంటేనే వస్తది. సోమవారం దాకా ఖాళీ లేదు."

నవంబరులో చదివిన ఆ టూల్ రాత అప్పుడు గుర్తొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ పిల్ల మీద అరిచాను. నా మీద నేను అరుచుకోవాల్సిన అరుపు అది. ఇంకో రెండు చోట్ల అడిగాం, అక్కడా ఖాళీ లేదు. శనివారం కిష్టయ్యకు ఊపిరాడలేదు. ఆటోలో వరంగల్ తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు.

దినాలు చేసి పోశవ్వ మళ్లీ పనికి వచ్చింది. టీ పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. నేను చదవలేకపోయాను. ఎప్పటికైనా చెప్పక తప్పదు.

"పోశవ్వా, గా టూల్ మన దగ్గరికే వచ్చింది. నీకు సదివి వినిపించిన."

"నేనడిగిన గదా బిడ్డా. పాత తారీఖు ఉంటదా, పోతదా అని."

"అడిగినవ్. రాసిన. మల్ల నేనే తుడిపేసిన."

"ఎన్ని మార్కులేసినవ్?"

"నాలుగు."

"ఎన్నింటికి?"

"ఐదుకు."

"మంచిగనే ఏసినవ్" అని లేచి, ఖాళీ గ్లాసులు ఏరుకుని పోయింది. ఇప్పటికీ రోజూ నా టేబుల్ మీద టీ పెడుతుంది. కూర్చోదు, ఏమీ అడగదు.