గేదె దగ్గు హారను

మా బావగారు జోగారావుగారు ఏ వస్తువునీ కళ్ళతో చూసి నమ్మరు. వేలి కణుపుతో టక్కుమని కొట్టి, చెవి ఒగ్గి, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగి, "ఒరిజినల్" అనో, "డూప్లికేటు" అనో తీర్పు చెబుతారు. అడిగినవాళ్ళు ఎవరూ ఉండరు. అయినా చెబుతారు. అదీ నలుగురికీ వినపడేలా చెబుతారు.

నా పెళ్ళిచూపులకి ఆయన్ని వెంటబెట్టుకుని పెదపాడు వెళ్ళడం నేను చేసిన బుద్ధితక్కువ పని. కాబోయే అత్తగారు వెండి గ్లాసుల్లో కాఫీ తెచ్చారు. అందరం బుద్ధిగా అందుకున్నాం. బావగారు అందుకుని టక్కుమని కొట్టారు.

"జర్మన్ సిల్వరండీ," అన్నారు.

"మనం వచ్చింది అమ్మాయిని చూడ్డానికండీ బావగారూ," అన్నాను చెవిలో.

"చూశానోయ్ ప్రసన్నా. అమ్మాయి బంగారం. గ్లాసే డూప్లికేటు."

పెళ్ళయితే అయింది గానీ మా అత్తగారు ఈనాటికీ నాకు స్టీలు గ్లాసులోనే కాఫీ ఇస్తారు. మిగతా అల్లుళ్ళకి ఏ గ్లాసులో ఇస్తారో నేను అడగలేదు, అడిగే మొహం నాకు లేదు.

ఇంకోసారి తాడేపల్లిగూడెంలో వ్యాపారుల సంఘం మీటింగు. ఊళ్ళో బావగారికి పురుగుమందుల కొట్టుంది కాబట్టి పిలిచారు. అధ్యక్షులవారు నవ్వుతూ ఉపన్యాసం చెబుతున్నారు. ముందు వరసలో కూర్చున్న బావగారు పక్కాయనతో, "పైవరస పళ్ళు డూప్లికేటండీ. ఫిట్టింగు మాత్రం అద్భుతం," అన్నారు. మైకు దగ్గరగా ఉందన్న సంగతి ఆయనకి తెలీదు, తెలిసినా ఆగేవారు కాదు. అధ్యక్షులవారు మిగతా ఉపన్యాసం అంతా పెదాలు కలిపే చెప్పారు.

డూప్లికేటుకీ, ఆయన అప్పుడప్పుడూ అనే రిప్రొడక్షనుకీ తేడా ఏమిటని నేనొకసారి అడిగాను. "చెప్పి పెడితే రిప్రొడక్షను, చెప్పకుండా పెడితే డూప్లికేటు," అన్నారు. అంత చిన్న తేడా కోసం ఆయన ఊళ్ళో సగంమందితో మాటలు పోగొట్టుకున్నారు.

ఈ జబ్బుకి మూలం ఒక కారు. పూర్వం మిషన్ ఆసుపత్రి దొరగారు నడిపిన ఇరవై ఎనిమిది మోడల్ ఆస్టిన్. దొరగారు వెళ్ళిపోయాక అది కాంపౌండులో కోళ్ళకి కాపురమై, చివరికి మా బావగారి పెరట్లోకి వచ్చింది. వచ్చింది అంటే పెద్దమాట. రేకులూ, చాసిస్సూ వచ్చాయి. మిగతాదంతా జిల్లా పంచుకుంది. స్టీరింగు అత్తిలిలో ఎవరింట్లోనో నీళ్ళకాగు కింద కుదురుగా దొరికింది. హెడ్‌లైటు గిన్నెలో కోళ్ళు నీళ్ళు తాగుతున్నాయి. బావగారు ఇల్లిల్లూ తిరిగి, కాగుకి కొత్త కుదురూ, కోళ్ళకి కొత్త గిన్నే ఇచ్చి అన్నీ తెచ్చుకున్నారు.

దొరకనివాటికి ఇంగ్లండు. అక్కడ పాతకార్లకి అచ్చు పాతవాటిలాగే సామాన్లు చేసి అమ్మే కంపెనీలున్నాయి. ఏలూరులో కరెంటాఫీసు ఉద్యోగం చేసుకుని బతికే నేను, ఆఫీసు అవగానే నెట్ సెంటర్లో కూర్చుని ఆ కంపెనీలకి మెయిళ్ళు రాయాలి. తలుపు గొళ్ళెం వచ్చింది. బావగారు పార్శిలు విప్పి టక్కుమనిపించారు.

"డూప్లికేటు. వెనక్కి పంపు."

"వాళ్ళే రిప్రొడక్షనని రాశారు కదండీ."

"రాశారు కాబట్టి క్షమించాను. శబ్దం బాగోలేదు కాబట్టి పంపెయ్యమంటున్నాను."

"గొళ్ళేనికి శబ్దమేమిటండీ?"

"నీకు చెవులుంటే ఆ మాట అడగవు," అన్నారు. నాకు చెవులున్నాయి. ఆయన మాటలు వినడానికే అరిగిపోతున్నాయి.

ఇలా వచ్చినవన్నీ వెనక్కి పంపి, అసలు పాతవే ఏరి తెప్పించుకుంటూ ఏళ్ళు గడిచి, చివరికి ఒక్క హారను మిగిలింది. విజయవాడలో పాతకార్ల ప్రదర్శన ఉంది. అన్నీ ఒరిజినల్ పార్టులున్న కారుకి మొదటి కప్పు. బావగారికి ఆ కప్పు మీద ఎంత ఆశంటే, మా అక్క సత్యవేణి చేత షోకేసు మధ్య అర ఖాళీ చేయించారు. అక్కడున్న అక్క కొండపల్లి బొమ్మలు అట్టపెట్టెలోకి వెళ్ళాయి.

"ఆ కప్పొచ్చాకన్నా ఆయన మనుషుల్లో పడతారేమోరా," అంది అక్క. పాపం ఆవిడ ఆశ ఆవిడది.

హారను కొల్లేట్లో ఉందని తెలిసింది. దొరగారి డ్రైవరు ఎలీయాజరు కొడుకు యేసుదాసు ఒక లంక ఊరికి పడవ నడుపుతున్నాడు. అంతకుముందు ఏడే సర్కారువాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. గట్టుమీది బాట కాస్తా నీళ్ళలో కలిసి, ఆ లంకకి యేసుదాసు పడవే దిక్కయింది. ఆ పడవ ముక్కున, మెడ వంచిన ఇత్తడి హారను, వెనక రబ్బరు బుడ్డి. బుడ్డి నొక్కితే అచ్చం గేదె దగ్గినట్టు ఉంటుంది.

బావగారు టక్కుమని కొట్టి, చెవి ఒగ్గి, కళ్ళు తెరవడం మర్చిపోయారు. "ఒరిజినల్," అన్నారు.

హారను కొలతలూ, ఫోటోలూ తీసుకుని ఏలూరులో బ్యాండు మేళాల బాకాలు బాగుచేసే సత్యానందం దగ్గరికి పరుగెత్తారు. సత్యానందం అచ్చు గుద్దినట్టు ఇంకోటి చేశాడు. పక్కపక్కన పెడితే కన్నతల్లి కూడా పోల్చలేదు. కాకపోతే అతను చేసేది బాకాలు కాబట్టి, ఇది కూయదు, పాడుతుంది. దాన్ని యేసుదాసుకిచ్చి పాతది అడిగాం.

"తీసుకెళ్ళండి బాబూ. కూత కూతే గదండీ," అన్నాడు యేసుదాసు.

బావగారు పాతదాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని వచ్చి, నా కళ్ళముందే కారుకి బిగించారు. నట్లు నేనే అందించాను.

ప్రదర్శన రోజు ఎలాంటి కార్లు, ఎలాంటి కోట్లు. న్యాయనిర్ణేత ఒక పెద్దాయన భూతద్దంతో మా ఆస్టిన్‌ని అంగుళం అంగుళం చూశారు. బావగారు పెళ్ళికొడుకులా నిలబడ్డారు. పెద్దాయన హారను దగ్గరికొచ్చి మురిసిపోయారు.

"హారను కూడా ఒరిజినలే. ఇది దొరకడం మహా కష్టమండీ," అని కాయితం మీద ఏదో రాసుకోబోయారు.

బావగారు చెయ్యి చాచి హారను మీద టక్కుమనిపించారు.

"రిప్రొడక్షనండీ," అన్నారు.

పెద్దాయన పెన్ను ఆగింది. "ఎవరన్నారండీ?"

"నేనేనండీ. కారు నాదే."

"నేను చెబుతున్నాను కదండీ, ఒరిజినలని."

"మీరు పొరపడ్డారండీ," అని బావగారు బుడ్డి నొక్కారు. మధురంగా, పెళ్ళి ఊరేగింపులో మొదటి బాకాలాగా మోగింది. గ్రౌండులో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ పరువు తీసిన మనిషి, ఆ రోజు ఆ పని తనకే చేసుకున్నారు.

కప్పు ఇంకో కారుకి పోయింది. మా బావగారికి జాలిపడి ఒక చిన్న కప్పు ఇచ్చారు. వేదిక మీదే దాన్ని కొట్టి చూసి, "ప్లాస్టిక్ మీద పూతండీ," అని మైకులో చెప్పి దిగారు. దిగినవారు దిగినట్టుండక మొదటి కప్పొచ్చిన కారు బంపరు మీద కొట్టబోతుంటే, నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

ఆస్టిన్‌లో తిరిగొస్తూ ఏలూరు చేరగానే నేను ఆయన్ని నిలదీశాను.

"నా చేతులతో నట్లు అందించాను. పాతది ఏం చేశారు? ఎవరికి అమ్మేశారు?"

"రేపు సోమవారమేగా. పొద్దున్నే పద," అన్నారు. అంతే.

పొద్దున్నే కొల్లేటి రేవుకి తీసుకెళ్ళారు. పొగమంచు. ఒడ్డున కారు ఆపి పడవెక్కాం. ముక్కున హారను చూశాను. చూస్తే ఏం తెలుస్తుంది? అందుకని నేనే వేలి కణుపుతో కొట్టాను. నాకేమీ తెలియలేదు. యేసుదాసు నవ్వాడు.

"పాతదేనండి. మీరు పట్టుకెళ్ళిన తర్వాత వారం, కొత్తది సరిగ్గా బిగిసిందో లేదో చూస్తానని ఈయనొక్కరూ వచ్చారండి. ఇలాగే మంచు. లంక దగ్గరికెళ్ళి కూత పెట్టాను. ఒక్కరూ రాలేదండి. పిల్లకాయలొచ్చి గంతులేశారు, పెళ్ళి పడవనుకుని. పెద్దవాళ్ళు పలకలేదు."

"అయితే?"

"మణెమ్మగారని, చూపు ఆననావిడండి. సోమవారం సోమవారం ఏలూరు ఆసుపత్రిలో చూపించుకోవాలి. మేత పడవలూ, చేపల పడవలూ ఎన్నో వస్తాయి గదండి. ఆవిడ మా కూత పట్టుకునే గుమ్మం దిగుతుంది. రెండో ట్రిప్పుకి వెళ్తే సంచీ ఒళ్ళో పెట్టుకుని రేవులో కూర్చునుందండి. 'దాసు పడవ ఇంకా రాలేదేం బాబూ?' అని ఈయన్నే అడిగింది. అప్పటికి ఆసుపత్రి చీటీల వేళ దాటిపోయింది."

నేను బావగారి వైపు తిరిగాను. ఆయన నీళ్ళలోకి చూస్తున్నారు.

"జాలిపడి ఇచ్చేశారన్నమాట," అన్నాను.

ఆ మాటకి ఆయనకి కోపమొచ్చింది. "జాలేమిటోయ్? లెక్క తెలీదా? ఈ హారను కారు మీద ఉన్నదెంత? పడవ మీద ఉన్నదెంత? ఊరంతటి చెవుల్లో ఉన్నది పడవ హారనుగానే. అంటే ఇది పడవ పార్టు. పడవది పీకి కారుకి పెట్టుకుంటే కారు మొత్తం డూప్లికేటైపోదూ?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే మీ అక్కకి చెబుతావు. అది ప్రదర్శనకి ముందే షోకేసులో బొమ్మలు సర్దేస్తుంది."

"అక్కడ పెద్దాయన ఒరిజినలంటుంటే ఊరుకోవచ్చు కదండీ. కప్పొచ్చేది."

"చెప్పకుండా పెడితే అదేమవుతుందోయ్?" అన్నారు. "డూప్లికేటు," అని నేనే ఒప్పుకున్నాను.

లంక ఇంకా మంచులోనే ఉంది. యేసుదాసు బుడ్డి నొక్కాడు. గేదె దగ్గింది. ఆ కర్ణకఠోరమైన చప్పుడికి ఎక్కడో తలుపు తెరుచుకుంది. కాసేపటికి ఒక ముసలావిడ సంచీ, చేతికర్రతో, ఎవరినీ అడక్కుండా తిన్నగా రేవులోకి దిగొచ్చి, పడవ ముక్కు తగిలేచోట చెయ్యి చాచి నిలబడింది. బావగారు ఆ చెయ్యి పట్టుకుని ఎక్కించారు.

"ఎవరు బాబూ?" అంది మణెమ్మ.

"హారను మనిషినండీ," అన్నారు బావగారు.

నాకు కళ్ళు చెమర్చాయంటే ఆయన వాటిని కూడా కొట్టి చూస్తారని భయమేసి, అటు తిరిగి దగ్గాను. "మీరు మాత్రం ఒరిజినలండీ బావగారూ," అన్నాను. జన్మలో మొదటిసారి ఆయన్ని మెచ్చుకోవడం.

ఆయన సంతోషిస్తారనుకున్నాను. వేలి కణుపుతో నా నడినెత్తిన టక్కుమని ఒకటిచ్చి, చెవి ఒగ్గి, కళ్ళు మూసుకుని, ఒక్క క్షణం ఆగి, తీర్పు చెప్పారు. యేసుదాసు తెడ్డు వదిలేసి నవ్వాడు. మణెమ్మ కూడా నవ్వింది.

ఏం చెప్పారని మా అక్క ఇప్పటికీ అడుగుతూ ఉంటుంది, షోకేసులో బొమ్మలు తుడుచుకుంటూ. నేను చెప్పలేదు. చెప్పను.