కొనలేకపోయిన జాగా

భద్రాచలంలో మేము కిరాయికున్న ఇంటి పక్క వాటాలో ఒక నర్సు ఉండేది. కోయ కుటుంబం. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. ఊరి చివర ఆమె పేరున కాస్త ఖాళీ జాగా ఉంది. భర్తకు కిడ్నీలు పాడై ఖమ్మం దవాఖానా చుట్టూ తిరగడం మొదలయ్యాక, ఒక సాయంత్రం వచ్చి మా వరండాలో కూర్చుంది.

"అక్కా, నా జాగా నువ్వే తీసుకో. తెలిసినోళ్లకు పోతే నాకు నిమ్మళం."

ఆశ పుట్టింది. కానీ నేను గిరిజనురాలిని కాను. భద్రాచలం లాంటి ఏజెన్సీ ప్రాంతంలో భూమిని గిరిజనులే కొనాలన్నది చట్టం. బడిలో సోషల్ చెప్పేది నేనే. సమానత్వపు హక్కు ఒక రోజు, వెనుకబడినవారికి రక్షణ ఇంకో రోజు చెప్పేదాన్ని. రెండూ ఒకేసారి నా ముందుకు రావడం అదే మొదలు.

మర్నాడు ఆమెతోపాటు వకీలుగా పనిచేసే ఆమె తమ్ముడూ వచ్చాడు.

"నా జాగా నేను అమ్ముకుంటే నడుమ సర్కారు ఎవలు?" అంది ఆమె.

"సర్కారు అడ్డం లేకుంటే అది తాత కాలంలనే షావుకారి పాలయ్యేది. అమ్మనీకి నీకేం మిగిలేది?"

"మా ఆయన ఇప్పుడు మంచంల ఉన్నడు. అందరూ సమానమని రాజ్యాంగంల లేదా?"

"కాపాడాలని గూడ అండ్లనే ఉంది. మేడం, మీరు చెప్పున్రి."

ఆమె మాట్లాడితే ఆమెదే న్యాయమనిపించింది, అతను మాట్లాడితే అతనిది. పైగా ఆ జాగా నాకు కావాలి. ఇక నా ఆలోచనను నేనే ఎలా నమ్మను? చాయ్ పెడతానని లేచాను.

"పేరు ఆమెదే ఉంచి మనం ఇల్లు కట్టుకుందాం, చాలామంది గిట్లనే చేస్తున్నరు" అన్నారు మా ఆయన. మనసొప్పలేదు. వద్దని చెప్పేశాను. తెలిసినవాళ్లలో ఒక కోయ టీచరు ఆ జాగాను తక్కువ ధరకే కొన్నాడు.

తరువాత బదిలీ మీద కల్లూరు వచ్చి ఇక్కడే ఇల్లు కొన్నాం. గృహప్రవేశానికి ఆమె వచ్చింది.

"అక్కా, ఈడ నేను కొనొచ్చా?"

"ఇది ఏజెన్సీ కాదు, ఎవరైనా కొనొచ్చు."

"గట్లనా. కొనేటప్పుడు యాడైనా కొనొచ్చు. అమ్మేటప్పుడే నేను కోయదాన్నా?"

తమ్ముడు చెప్పిన జవాబే నోటిదాకా వచ్చింది. అది నిజమని ఇప్పటికీ అనుకుంటాను. ఆమె భర్త కోసం ఉప్పు వేయకుండా పక్కకు తీసిన కూర డబ్బాలో సర్ది, బస్సు దాకా వెళ్లి ఇచ్చాను.