బావ కత్తికి ఇత్తడి రివిట్లు

మా బావ మీద పగ తీర్చుకోవడానికి ఏ రివిట్లు వాడాలా అని ఒక పూటంతా ఆలోచించాను. నవ్వితే నవ్వండి. అనకాపల్లిలో కత్తులకు పిడి చెక్కల్ని రివిట్లు కొట్టి బిగించే దుకాణం నాది. నా దగ్గరున్న ఆయుధాలు అవే.

బావ అంటే మా అక్క మొగుడు. రావికమతంలో చెరుకు వేస్తాడు. కిందటేడు కోతల్లో కత్తి పిడి ఊడి ఆయన అరచెయ్యి తెగింది. కట్టు కట్టించుకుని సరాసరి మా అనకాపల్లి బెల్లం మార్కెట్ దగ్గర టీ కొట్టుకు వచ్చాడు. కోతగాళ్లందరి ముందూ చెయ్యెత్తి చూపించాడు.

"మా బామ్మర్ది బిగించిన పిడిరా ఇది! నన్ను సంపేసి అక్కని పుట్టింటికి తీసుకుపోదారని సూసేడు."

అందరూ పగలబడి నవ్వారు. మావైపు బావ ఏమన్నా బామ్మర్ది పడాలి. ఉడుక్కుంటే సరసం తెలియనివాడంటారు. అందుకని నేనూ ఇకిలించాను. కానీ మర్నాటి నుంచి కోతగాళ్లు నా దుకాణం దాటుకుని వేరేచోటికి పోవడం మొదలెట్టారు. సరసానికి నవ్వినవాళ్లే ఆ మాటను నమ్మారు. నా కడుపు మండిపోయింది.

ఈ ఏడు కోతల ముందు అక్క అదే కత్తిని గోనెగుడ్డలో చుట్టి తెచ్చింది.

"కొత్త సెక్కలేసి బిగించరా. పాతయి తీసి పారెయ్" అని, బస్సు వేళయిందంటూ వెళ్లిపోయింది.

ఒకవైపు చెక్క ఊడిపోయి ఉంది. రెండోదాన్ని లేపి చూస్తే నా ఇత్తడి రివిట్లు లేవు. ఇనప మేకులు! చెరుకు రసం తగిలి తుప్పు పట్టి, చుట్టూ చెక్కంతా నల్లబడిపోయింది. చెరుకు కత్తికి నేను చచ్చినా ఇనుము వాడను. మేకులు కొట్టుకున్నది ఆయన, నింద నాకు.

ముందు అల్యూమినియం రివిట్లు తీశాను. మెత్తనివి. బిగించిన రోజు ముద్దుగా మెరుస్తాయి, నాలుగు మోపులు నరికేసరికి వదులైపోతాయి. బావ చెయ్యి ఇంకోసారి తెగితే చూడాలని ఉండింది, అబద్ధమెందుకు. కానీ అప్పుడు ఆయన అన్నమాటే నిజమైపోతుంది. అబద్ధాలకోరును నా చేతులతో నేనే సత్యవంతుణ్ని చెయ్యనా? ఇత్తడి కడ్డీ తీశాను. చెక్కల్లో బెజ్జాల మూతులు కాస్త వెడల్పు చేసి, కడ్డీ ముక్కలు దూర్చి, వాటి కొసలు ఆ వెడల్పు నిండా పరుచుకునేదాకా సుత్తితో కొట్టాను. ప్రతి దెబ్బకీ బావను ఒక తిట్టు తిట్టాను.

కత్తి టీ కొట్టు దగ్గరే ఇస్తానని ఫోన్ చేశాను. అక్కతో కలిసి వచ్చాడు. కోతగాళ్లంతా అక్కడే ఉన్నారు. కత్తితోపాటు సుత్తి, ఉలి కూడా చేతిలో పెట్టాను.

"ఊడగొట్టు బావా. నా పిడి ఊడిపోద్దని నువ్వే కదా సెప్పేవు?"

సరసంగానే అన్నాను. ఈసారి ఆయన ఉడుక్కోకూడదు. నవ్వుతూ ఒక దెబ్బ వేశాడు, తర్వాత నవ్వకుండా ఇంకొన్ని. చెక్క పెచ్చు లేచింది గానీ రివిట్టు కదల్లేదు. జేబులోంచి తుప్పు మేకులు తీసి బల్ల మీద పోశాను.

"మరి ఇయ్యి ఎవరు కొట్టేరు బావా?"

మేకుల కేసి చూసి, ఓరగా అక్క కేసి చూశాడు. చివరికి "నానే" అన్నాడు. టీ కొట్టంతా గొల్లున నవ్వింది. ఏడాదిగా నేను కోరుకున్న నవ్వు అది. బెల్లం ముక్కలా చప్పరించాను.

"ఆయన కాదురా" అంది వెనకనుంచి అక్క. "సెక్క పగిలితే, కోతల మద్దెలో అనకాపల్లి ఎవరెల్తారని నానే మేకులు కొట్టేను. పెళ్లామే మొగుడి సెయ్యి కోసిందని నలుగురూ నవ్వుతారని ఈయనే నీ పేరు సెప్పేరు. నువ్వు పడతావనుకున్నారు."

బావ కత్తి తీసుకుని, అక్కను బస్సు వైపు నడిపించుకుపోయాడు. ఇద్దరూ నావైపు చూడలేదు.

బావను నేను క్షమించలేదు. పెళ్లాం పరువు కాపాడుకోవడానికి నా పరువే దొరికిందా? ఆ కోపం అలాగే ఉంది. కోతగాళ్లు మాత్రం తిరిగొచ్చారు. మొదట వచ్చినవాడు కత్తి అందిస్తూ కన్నుగీటాడు.

"మీ అక్క సేత మేకులు కొట్టించకు సుమీ!"

వాడి కత్తి వాడి కాళ్ల దగ్గర పడేసి పొమ్మన్నాను. వాడు నవ్వుకుంటూ, అదే సరసం చెప్పడానికి టీ కొట్టు వైపు పోయాడు. అక్కడినుంచి రావికమతానికి రోజూ బస్సులు పోతుంటాయి.