అప్పలమ్మ ఇంట్లో ఒకటే పొయ్యి

మా గోడకీ అప్పలమ్మ గోడకీ మధ్య జానెడు సందు. ముప్పై నాలుగేళ్లుగా ఆ సందులోంచి నేను చూస్తూనే ఉన్నాను, ఆవిడ చూడనిస్తూనే ఉంది. అందుకని ఆవిడ గురించి రాయడానికి నాకు ఎవరినీ అడగాల్సిన పని లేదు.

అప్పలమ్మది బూర్జ దగ్గర పల్లె. వాళ్లది కూలి చేసుకునే ఇల్లు. మా ఆమదాలవలసలో స్టేషను వెనక వీధి ఆదాముకి ఇచ్చి చేశారు. ఆదాము రైల్వేలో గ్యాంగుమన్. పెళ్లికి ముందు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు అప్పటి సంఘం అయ్యగారు పేరు మారుద్దామన్నారట.

"మాయమ్మ మొక్కుకుని ఎట్టిన పేరండి. ఈ పేరుతో పిలిస్తే పెబువు పలకడేటి?" అందట ఈవిడ.

అయ్యగారు నవ్వేసి, ఆ పేరుతోనే నీళ్లలో ముంచి లేపారు. పద్దెనిమిదేళ్ల పిల్ల మాట అది. ఇప్పుడు యాభై రెండు. మాట ఏమీ మెత్తబడలేదు.

ఆదాముకి చివరి రెండేళ్లు మూత్రపిండాలు పనిచేయలేదు. వారానికి రెండుసార్లు శ్రీకాకుళం పెద్దాసుపత్రికి అప్పలమ్మ ఆటోలో తీసుకెళ్లి రక్తం శుద్ధి చేయించి తెచ్చేది. మనకి ఇల్లు దగ్గర. నౌపడ నుంచీ ఆ పై ఊళ్ల నుంచీ రైలెక్కి వచ్చి మా స్టేషనులో దిగేవాళ్లకి ఏముంది? ముందు రోజు వచ్చి ఆసుపత్రి వరండాలో దుప్పటి పరుచుకునేవారు. వాళ్లని చూసి వచ్చిన రోజు ఆదాము అన్నం సరిగా తినేవాడు కాదు. అతను పోయాక మూడో నెలలో అప్పలమ్మ నాతో అంది.

"తవిటప్పా, పెబువు పుట్టినప్పుడు సత్రంలో సోటు నేదన్నారు. ఆ మాట నా గుమ్మం కాడ రాకూడదు. ఇల్లు బాగుసేస్తాను. ఆసుపత్రికొచ్చే సంసారాలు ఉంటాయి."

"అద్దెకా?"

"సుట్టాల దగ్గిర అద్దె తీసుకుంటావేటి నువ్వు?"

"ఏ కులపోళ్లో, ఏటో. అందరూ ఒక గిన్నెలో కూడు తింటారటే?"

"ఆకలేసినోడు తింటాడు. ఆకలెయ్యనోడు అలగొచ్చు."

రైల్వే వాళ్లిచ్చిన డబ్బుతో పని మొదలైంది. అది ఆదాము తండ్రి కట్టిన పొడుగాటి పెంకుటిల్లు. పెంకులు దింపి స్లాబు వేయించింది. మెట్లు తీసేసి, కుర్చీబండి ఎక్కేలా వాలుగా గచ్చు చేయించింది. తాపీమేస్త్రి జోగయ్యకి ఒకే మాట చెప్పింది. "నాలుగు సంసారాలు ఉండాల. నాలుగు వాటాలు ఎయ్యి." చెప్పి, కూతురు షాలిని పురిటికని రాజాం వెళ్లింది.

మా వీధిలో వాటా అంటే అద్దె వాటా. ఒక గది, ఒక తలుపు, ఒక పొయ్యి. జోగయ్య పాపం తనకి తెలిసిన వాటాలే వేశాడు. పది రోజుల్లో నాలుగు గదులు లేచాయి, గదికొక పొయ్యి గట్టు లేచింది, గట్టు మీద నల్లటి పలక కూడా పడింది. సందులోంచి లెక్కపెట్టుకుని నేనేం చేశాను? ఆ మధ్యాహ్నమే విజయనగరంలో ఉన్న ఆదాము తమ్ముడు జాన్ పెళ్లాం రాజకుమారికి ఫోన్ చేశాను. "మీ తోటికోడలు నాలుగు పొయ్యిలు కట్టించింది" అన్నాను. ఊరికే, కబురు కదా అని. ఆ ఇంటికొక కాయితం ఉందని నాకు తెలీదు.

అప్పలమ్మ తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"జోగయ్యా, ఇయ్యేటి?"

"పొయ్యిగట్లమ్మా. వాటాలన్నావు కదా."

"సంసారాలు నాలుగన్నాను. పొయ్యిలు నాలుగన్నానా?"

"పొయ్యి నేనిదాన్ని వాటా అంటారేటమ్మా? కొట్టుగది అంటారు గాని."

ఆవిడ చెంగు నడుముకి దోపింది. గునపం తీసుకుంది. జోగయ్య కష్టపడి కట్టిన మూడు గట్లనీ తన చేతులతోనే పగలగొట్టింది. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. పెద్దదాన్ని ఒక్కదాన్నే ఉంచింది. పిచ్చెక్కిందేమోనని గోడ చుట్టూ తిరిగి పరిగెత్తాను. అప్పుడు చెప్పింది కాయితం సంగతి.

మా వైపు అన్నదమ్ములు విడిపోతే 'వేరు పొయ్యి పెట్టారు' అంటాం. ఆదాము తండ్రికి ఆ మాటంటేనే భయం. పోయే ముందు పెద్దల ఎదుట రాయించాడు. పొలం జాన్‌కి. ఇల్లు ఆదాముకి, ఒకే పొయ్యి ఉన్నంతకాలం. రెండో పొయ్యి వచ్చిందా, ఇల్లు చీలినట్టే, సగం జాన్‌ది.

"అయితే కాయితానికి బయపడి కొట్టేసినావన్నమాట" అన్నాను.

"కాయితం నేకపోయినా కొడతాను. వేరు పొయ్యెట్టుకున్నోలు అద్దెకున్నోలు అవుతారప్పా. ఒక పొయ్యి కాడ తింటేనే సుట్టాలు."

నా ఫోను సంగతి ఆ రోజు చెప్పడానికి నోరు రాలేదు.

మొదట వచ్చినవాళ్లు నౌపడ ఉప్పుమళ్లలో పనిచేసే సోములు, అతని పెళ్లాం అసిరమ్మ. ఆదాముకొచ్చిన జబ్బే అసిరమ్మకి. తర్వాత ఇంకో రెండు సంసారాలు వచ్చాయి. నాలుగో గది ఎప్పుడూ వచ్చేపోయేవాళ్లది. వారం తిరక్కుండానే చిక్కొచ్చిపడింది. అసిరమ్మ ఉప్పు తినకూడదు.

"అమ్మా, సిన్న కిరసనాయిలు స్టవ్వు తెచ్చుకుంటాను. దానికొక్కదానికి సప్పిడి కూర వండుకుంటాను" అన్నాడు సోములు.

"ఈ ఇంట్లో రెండో మంట నేదు. కూరంతా సప్పిడిగానే వండుతాను. ఉప్పు గిన్నె మద్దిన ఎడతాను. కావలసినోడు కలుపుకుంటాడు."

"ఉప్పుమళ్లలో పుట్టినోన్ని, సప్పిడి కూడు తింటన్నానంటే మావోళ్లు నవ్వుతారమ్మా."

"నవ్వితే ఆలకీ ఎడదాం. తీసుకురా."

అలా ఆ ఇంటి వంటలో ఉప్పు పోయింది. సోములు నౌపడ నుంచి సంచీతో తెచ్చిన ఉప్పు పింగాణీ గిన్నెలో మధ్యన కూర్చుంది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక జాన్ వచ్చాడు. చేతిలో కాయితం, పక్కన ఇప్పటి సంఘం అయ్యగారు. పిలవకపోయినా నేనూ వెళ్లాను.

"వదినా, నాలుగు పొయ్యిలయ్యాయట. కాయితం పెకారం సగమిల్లు నాది. ఈలందరినీ కాళీ సేయించు."

"ఎవులు సెప్పినారు మరిదీ?"

జాన్ నా వైపు చూశాడు. అప్పలమ్మ కూడా చూసింది. సోములు చూశాడు.

"నానే సెప్పినాను" అన్నాను. "నాలుగు సూసినాను, నాలుగని సెప్పినాను. మూడు కొట్టేసింది కూడా సూసినాను. అది సెప్పనేదు. తప్పు నాదే."

అయ్యగారు కాయితం తీసుకుని కళ్లజోడు సర్దుకున్నారు. "ఇక్కడ 'రెండవ పొయ్యి వెలిగిన నాడు' అని రాసుంది. ఆ మూడింటిలో ఎప్పుడైనా మంట పెట్టారా తవిటమ్మగారూ?"

"నేదండి. సిమ్మెంటే ఆరనేదు."

"మీకెలా తెలుసు?"

"పొద్దుటొకసారి, మజ్జానం రెండుసార్లు, దీపాలేల ఒకసారి సూసేదాన్నండి. పొగొస్తే నాకు తెలీకుండా ఎలా పోతాది?"

సోములు నవ్వాపుకోలేకపోయాడు. జాన్‌కి మాత్రం నవ్వు రాలేదు. "నా కళ్లతో సూస్తాను" అని లేచాడు. గది గదికీ వెళ్లాడు, మంచాల కిందా మూలల్లోనూ వెతికాడు. మూడో గదిలో అసిరమ్మ పడుకుని ఉంది. అతను వంగబోతే కాళ్లు ముడుచుకుంది. జాన్ అలాగే ఆగిపోయాడు. అది ఆదాము మంచం. చివరి రోజుల్లో అన్నని చూడ్డానికి వచ్చినప్పుడు ఆ మంచంకోడు పట్టుకునే నిలబడేవాడు.

బయటికొచ్చేసరికి అప్పలమ్మ తలుపుకి అడ్డంగా నిలబడి ఉంది.

"సూసినావు కదా. ఇప్పుడు నా మాట విను. కోర్టుకెల్తావా, ఎల్లు. పెద్దల్ని పిలుస్తావా, పిలు. నాలుగు పొయ్యిలెట్టి అద్దెలు తిననన్నాను, తినను. సుట్టాల్ని ఎల్లగొట్టమంటే ఎల్లగొట్టను. నువ్వూ సుట్టానివే. కూకో, కూడెడతాను."

"నాకొద్దు."

"తగువుకి రావొచ్చు గాని తిననంటే ఎలాగ? మీ అన్న ఇల్లు."

అయ్యగారు అప్పటికే కూర్చున్నారు. ఇక జాన్ కూడా కూర్చోక తప్పలేదు. ఆనపకాయ కూర ముద్ద నోట్లో పెట్టుకుని మొహం అదోలా పెట్టాడు.

"ఉప్పు నేదు వదినా."

సోములు పింగాణీ గిన్నె ముందుకు జరిపాడు. "మా నౌపడదే బాబూ. కావలసినంత ఏసుకోండి."

జాన్ ఆ గిన్నె వైపు కాసేపు చూసి, చిటికెడు తీసుకున్నాడు. ఇంకో చిటికెడు తీసుకున్నాడు. రెండోసారి అన్నం కూడా పెట్టించుకున్నాడు. వెళ్లేటప్పుడు కాయితం చింపనూ లేదు, ఇవ్వనూ లేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మల్లీ వస్తాను. రెండో పొయ్యి కనబడితే ఊరుకోను."

"రా. వారం వారం వచ్చి ఎతుకు. తిని ఎల్లు."

వస్తున్నాడు. పోయిన ఆదివారం రాజకుమారిని కూడా తీసుకొచ్చాడు. ఇద్దరూ ఇల్లంతా చూసి, తిని వెళ్లారు.

ఈ వీధిలో ఇప్పటికీ కొందరు ఆ ఇంటి ముందు నుంచి పోతూ, అన్ని కులాలవాళ్లకీ ఒక కుండేమిటని మూతి తిప్పుతారు. అప్పలమ్మ వాళ్ల కోసమని ఏదీ మార్చలేదు. మార్చింది ఒకటే. పగలగొట్టిన మూడు పొయ్యిల ఇటుకలతో, జోగయ్య చేతే, వీధివైపు అరుగు కట్టించింది. మూతి తిప్పేవాళ్లు అలిసిపోతే కూర్చోవడానికట.

నేను ఇప్పుడు సందులోంచి చూడటం మానేశాను. అరుగు మీద నుంచి ఇంకా బాగా కనిపిస్తుంది. ఇది కూడా ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. లోపలి నుంచి పిలుపు వినపడుతోంది.

"తవిటప్పా, సూసింది సాలు. లోపలికొచ్చి వంకాయలు తరుగు."