ఆ డబ్బుకి నువ్వేం అమ్మావు

నా బ్యాంకు ఖాతా ఆగిపోయిందని నాకు తెలిసింది రాయపూర్ పక్కన బీర్‌గావ్‌లో, మా వీధి చివర మందుల కొట్టు దగ్గర. నాన్నకి ఇన్సులిన్ కొనడానికి వెళ్ళాను. ఫోన్‌తో స్కాన్ చేస్తే డబ్బు వెళ్ళలేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. నెట్‌వర్క్ బాగాలేదేమో, ఎదురుగా ఏటీఎం ఉంది కదా దీదీ, అన్నాడు కొట్టాయన. ఏటీఎం కూడా బ్యాంకులో కనుక్కోమని హిందీలో ఒక్క ముక్క చూపించి కార్డు వెనక్కి ఇచ్చేసింది. పర్సులో ఉన్న నోట్లన్నీ తీసి ఇస్తే ఒక సీసాకి సరిపోయాయి. నెలకి రెండు కావాలి. ఆ ఒక్కటే తీసుకుని ఇంటికొచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను.

ఇంట్లో మేమిద్దరమే. నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడికి దగ్గర్లోనే ఉర్లా ఫ్యాక్టరీల వాడలో, ఇనుము సాగదీసే రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. నేను పెళ్ళైన మూడో ఏడే విడిపోయి తిరిగి ఆయన దగ్గరికే వచ్చేశాను. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు నాన్న తన పేరు మీద ఉంచుకోలేదు. బ్యాంకులో ఫారాలు నింపడం నావల్ల కాదు, నీ ఖాతాలోనే ఉండనీ అమ్మీ, అని మొత్తం నా దాంట్లో వేయించాడు. అందుకని ఆ రోజు ఆగిపోయింది నా సంపాదన ఒక్కటే కాదు. ఆయన ముప్పై ఏళ్ళు ఎర్రగా కాలిన ఇనుము పక్కన నిలబడి దాచుకున్నది కూడా.

నాది టైపింగ్ పని. ఛత్తీస్‌గఢ్ ఏర్పడి రాయపూర్ రాజధాని అయిన కొత్తలో, ఊళ్ళో ఎటు చూసినా కంప్యూటర్ క్లాసుల బోర్డులు వేలాడుతున్న రోజుల్లో నేర్చుకున్నాను. విదేశాల్లో డాక్టర్లు రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలు చెవిలో పెట్టుకుని విని రాయాలి. మొదట్లో డబ్బు చెక్కు రూపంలో పోస్టులో వచ్చేది. ఆ చెక్కు మా బ్యాంకు వాళ్ళు ముంబై పంపితే, నెలన్నరకి గానీ రూపాయలు చేతికొచ్చేవి కావు. తర్వాత ఆన్‌లైన్‌లో డబ్బు పంపే పెద్ద కంపెనీ ఒకటి వచ్చింది. దాంట్లో ఖాతా తెరిచాక, అక్కడ వాళ్ళు పంపిన డాలర్లు రెండు రోజుల్లో నా బ్యాంకులో రూపాయలై పడేవి. పదేళ్ళకు పైగా ఒక్కసారీ పొరపాటు రాలేదు. అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు ఆ డబ్బే ఆదుకుంది. ఆ కంపెనీ అంటే నాకు ప్రభుత్వ బ్యాంకు కన్నా ఎక్కువ నమ్మకం.

లాక్‌డౌన్ రోజుల్లో ఆ కంపెనీ కూడా క్రిప్టో మొదలుపెట్టింది. కొన్ని దేశాల్లో తమ యాప్‌లోనే కాయిన్లు, అంటే ఆన్‌లైన్‌లో మాత్రమే ఉండే డబ్బు, కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు అని ప్రకటించింది. అంతవరకు నా దృష్టిలో క్రిప్టో అంటే జూదం. టీవీలో వాటి గురించి వస్తే ఛానల్ మార్చేదాన్ని. కానీ ఆ వార్త చదివిన రోజు నా ఆలోచన మారింది. అంత జాగ్రత్తపరులే పెట్టుకున్నారంటే అందులో మోసం ఏముంటుంది అనుకున్నాను. ఇప్పటికీ నా తప్పు ఎక్కడ మొదలైందని వెతుక్కుంటే, ఆ అనుకోవడం దగ్గరే ఆగుతాను.

కొన్నాళ్ళకి నాకు పని ఇచ్చే సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. ఇకమీదట జీతాలన్నీ కాయిన్లలోనే ఇస్తాం, దాని విలువ ఎప్పుడూ డాలరుతో సమానంగా ఉంటుంది, పెద్ద పెద్ద పేమెంట్ కంపెనీలే ఈ దారిలోకి వచ్చాయి కాబట్టి భయపడక్కర్లేదు అని. నేను నమ్ముకున్న కంపెనీలో ఆ సౌకర్యం మన దేశం వాళ్ళకి లేదు. పని ఇచ్చే సంస్థ వాళ్ళే ఇంకో యాప్ పేరు చెప్పారు. అందులో కాయిన్ నాకు వస్తుంది, కొనుక్కునే మనిషి ఎవరో అక్కడే దొరుకుతాడు, అతను నా బ్యాంకుకి రూపాయలు పంపితే నేను కాయిన్ వదిలేయాలి. ఇష్టం లేకపోతే పని మానేయవచ్చని కూడా రాశారు, మర్యాదగానే.

నలభై దాటిన మనిషికి ఈ ఊళ్ళో ఇంకేం పని దొరుకుతుంది? ఒప్పుకున్నాను. మొదటి నెల భయంభయంగానే అమ్మాను. పది నిమిషాల్లో డబ్బు వచ్చేసింది. రెండో నెలా అంతే. కమీషన్ కూడా తక్కువే. ఐదో నెలలో నాన్నతో గొప్పగా చెప్పాను, చెక్కుల రోజులు ఎక్కడ, ఈ రోజులు ఎక్కడ అని. పంపిన వాడు ఎవరమ్మా అని అడిగాడు నాన్న. ఎవరో, పేరుతో మనకేం పని అన్నాను.

మందుల కొట్టు దగ్గర డబ్బు ఆగిన మర్నాడు బ్యాంకుకి వెళ్ళాను. మేనేజర్ మంచివాడే. కూర్చోబెట్టి చెప్పాడు. మహారాష్ట్రలో ఒక జిల్లా సైబర్ పోలీసుల నుంచి ఉత్తరం వచ్చిందట. ఎవరినో మోసం చేసి కాజేసిన డబ్బు రెండు మూడు ఖాతాలు మారి నా ఖాతాలోకి వచ్చిందట. కాయిన్ కొనుక్కున్నవాడు నాకు పంపింది ఆ డబ్బే. ఆ ఒక్క మొత్తం ఆపుకుని మిగతాది వదలండి, అది మా నాన్నది అని బతిమాలాను. ఉత్తరంలో ఖాతా మొత్తం ఆపమని ఉంది, మా చేతుల్లో లేదు, ఆ పోలీసు థానాకే రాసుకోండి అన్నాడు.

రాశాను. రోజూ రాశాను. ఫోన్ చేస్తే ఎత్తేవారు కాదు, ఎత్తితే సాహెబ్ బయటికి వెళ్ళారనేవారు. కాయిన్లు అమ్మే యాప్ వాళ్ళకి రాస్తే, మేం ఇద్దరిని కలిపేవాళ్ళమే, బాధ్యత మాది కాదన్నారు. పని ఇచ్చే సంస్థ వాళ్ళు సానుభూతి తెలిపి, ఇకనుంచి వేరే మనిషికి అమ్ముకోమన్నారు. చివరికి బుద్ధి లేక నా పాత పేమెంట్ కంపెనీకి కూడా రాశాను. మీరు మొదలుపెట్టారనే కదా నేను నమ్మాను అని. ఈ లావాదేవీ మా ద్వారా జరగలేదు అని జవాబొచ్చింది. నిజమే. వాళ్ళని అనడానికేం లేదు. ఆ జవాబు చదివి వంటింట్లోకి వెళ్ళి, కుక్కర్ విజిల్ వేస్తుంటే ఆ చప్పుడులో ఏడ్చాను.

కాయిన్ ముట్టుకోవాలంటే భయం వేసి పని వదిలేశాను. వీధిలో పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్ చెప్పి కూరలకి, బియ్యానికి నెట్టుకొచ్చాను. నాన్న ఒక్కసారి కూడా నన్ను ఏమీ అనలేదు. అదే భరించలేకపోయాను. ఒక్క విషయం మాత్రం కాస్త ఊరటగా ఉండేది. రెండు వారాల్లో అయిపోవలసిన ఇన్సులిన్ సీసా నెల దాకా వచ్చింది. ఎండలు కదా, తక్కువ తింటున్నాడు, సుగర్ తగ్గినట్టుంది అనుకుని సంతోషించాను.

జూన్‌లో ఒక మధ్యాహ్నం మంచం మీద పడుకున్న నాన్న పాదాల వైపు చూశాను. కుడికాలి చిటికెన వేలు, పక్క వేలు నల్లబడి ఉన్నాయి. గుడ్డ కట్టి, పైన సాక్సు వేసుకుని రోజుల తరబడి దాచాడు. ఎలా తగిలిందని గట్టిగా అడిగితే చెప్పాడు. వాచ్‌మన్ పని ఏమైనా దొరుకుతుందేమోనని, నేను ట్యూషన్లలో ఉన్నప్పుడు ఉర్లాలో మిల్లు గేట్ల వెంట నడిచాడట. పాత బూట్లు కరిచాయి. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని ఏ గేటు దగ్గరా రమ్మనలేదు.

"ఇన్సులిన్ సరిగ్గా వేసుకుంటున్నావా?" అన్నాను.

ఆయన గోడ వైపు తిరిగాడు. "సగం వేసుకుంతన్నాను అమ్మీ. సగంతో కూడా మనిషి బతకతాడు."

సీసా ఎందుకు నెల వచ్చిందో అప్పుడు అర్థమైంది. ఫ్రిజ్ తలుపు తెరిచినప్పుడల్లా దాన్ని చూసి నేను సంతోషించాను. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆటోలో రాయపూర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. రెండు వేళ్ళూ తీసేశారు. ఇంకో వారం ఆలస్యమైతే పాదం పోయేదని డాక్టరమ్మ నన్ను మందలించింది. వార్డులో పక్క మంచం రోగి భార్య, తిల్దా నుంచి వచ్చిన ఛత్తీస్‌గఢీ ఆవిడ, నా సంగతంతా విని, రెండు రోజులు నాన్నని నేను చూసుకుంటాను, నువ్వు వెళ్ళి నీ పని తేల్చుకుని రా అంది. అమ్మ గాజులు రెండు అమ్మి మహారాష్ట్రకి టికెట్టు కొన్నాను. పాత మెయిళ్ళు, పని చేసినట్టు రుజువులు, ఆసుపత్రి కాగితాలు అన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని రైలెక్కాను.

దారంతా ఆ ఫిర్యాదు చేసిన మనిషిని తిట్టుకున్నాను. ఎవడో డబ్బున్నవాడు, అత్యాశకి పోయి మోసపోయి, ఆ పాపం మా నాన్న కాలికి చుట్టాడు అనుకున్నాను. వాడు కనిపిస్తే ఏం అనాలో హిందీలో మాటలు కూర్చుకున్నాను.

థానాలో ఇన్‌స్పెక్టర్ నా కాగితాలన్నీ ఓపిగ్గా చూశాడు. బల్ల మీద ఫైళ్ళు అతని భుజాల దాకా ఉన్నాయి. మీరు దొంగ అని నేను అనడం లేదు, మీలాంటి వాళ్ళు వారానికి ఇద్దరు వస్తున్నారు అన్నాడు. తర్వాత కిటికీ పక్కన బెంచీ చూపించాడు. ఫిర్యాదు చేసింది ఆవిడే, కేసు ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడానికి వచ్చింది అన్నాడు.

యాభై ఏళ్ళుంటాయి ఆవిడకి. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుందట. నీ కొడుకు పోలీసు కేసులో ఇరుక్కున్నాడు, వెంటనే డబ్బు పంపకపోతే జైలుకి వెళ్తాడు అని ఎవరో ఫోన్ చేశారు. కూతురి చదువుకని దాచిందంతా పంపేసింది. ఆ సమయంలో కొడుకు పక్క వీధిలో సైకిల్ షాపులోనే ఉన్నాడు. నేను కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. నా పేరు మీద ఉన్న ఖాతాలోకే ఆమె డబ్బు వచ్చిందని ఇన్‌స్పెక్టర్ ఆమెకి మరాఠీలో చెప్పాడు.

ఆమె నా వైపు తిరిగి, మరాఠీ కలిసిన హిందీలో అడిగింది. "ఆ డబ్బుకి నువ్వేం అమ్మావు?"

కాయిన్ అన్నాను.

"చూపించు."

ఫోన్ తీసి యాప్ తెరిచాను. సున్నా కనిపిస్తోంది. ఆమె తెర మీదికి వంగి చూసింది. ఇందులో ఏమీ లేదు కదా అంది. ఉండేది, ఇచ్చేశాను అన్నాను. ఆ మాట నాకే అబద్ధంలా వినిపించింది. నెలంతా చెవులు నొప్పెట్టేలా విని, రాసి, వేళ్ళు తిమ్మిరెక్కితే వేణ్ణీళ్ళలో పెట్టుకుని చేసిన పని అది. చూపించమంటే చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

"నేను కష్టపడి సంపాదించాను," అన్నాను.

"నేనూ అంతే," అంది ఆమె.

ఆమె చేతి మీద నూనె చిందిన మచ్చలు ఉన్నాయి. కాసేపటికి, మీ ఇంట్లో ఎవరున్నారు అని అడిగింది. నాన్న సంగతి చెప్పాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. నేను లేచి ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్ళి, నా ఖాతాలోకి వచ్చిన ఆ మొత్తం ఆవిడకి ఇచ్చేయండి, మిగతాది వదలమని బ్యాంకుకి రాయండి అన్నాను. పెద్ద మనసుతో ఏం కాదు. కొట్లాడటానికి ఓపిక లేదు. ఆమె పక్కన కూర్చుని ఆ డబ్బు నాది అనడానికి నోరు కూడా రాలేదు. అతను ఒక దరఖాస్తు రాయించుకుని, కోర్టు ఆర్డరు రావాలి, టైం పడుతుంది అన్నాడు.

ఆ ఆర్డరు రావడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పటికి నాన్న ఇంటికొచ్చి చేతికర్రతో నడుస్తున్నాడు. నేను ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో రిపోర్టులు టైపు చేసే పనిలో చేరాను. జీతం పాతదాంట్లో సగం, కానీ ఒకటో తారీఖున ఇస్తారు, ఎవరిస్తున్నారో తెలుసు. నాకు పని ఇచ్చిన సంస్థ ఇంకా కాయిన్లలోనే జీతాలిస్తోందని పాత స్నేహితురాలు చెప్పింది. ఇప్పుడు ఇంకా చాలా కంపెనీలు ఆ దారిలోకి వచ్చాయట. మంచిదే కావచ్చు. ఎవరికో మేలు జరుగుతూనే ఉండవచ్చు. నాకు ఆ వార్తలు పూర్తిగా చదవబుద్ధి కాదు.

ఖాతా తెరుచుకుందని బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిన మర్నాడు, నాన్న పొద్దున్నే చొక్కా వేసుకుని తయారై కూర్చున్నాడు. ఎక్కడికి నాన్నా అంటే, బ్యాంకుకి అన్నాడు. దారంతా ఆటో కుదుపులకి కాలు పట్టుకుంటూ కూర్చున్నాడు. కౌంటర్ దగ్గర తన ఆధార్ కార్డు తీసి అద్దం కింద నుంచి లోపలికి తోశాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు.

"నా పేరున వేరే ఖాతా తీయించమ్మా. నీ మీద నమ్మకం లేక కాదు."

అలాగే నాన్నా, అన్నాను. ఫారం తీసుకుని, ఆయన పేరు, పుట్టిన ఊరు, చిరునామా నింపాను. సంతకం చేయవలసిన చోట వేలు పెట్టి చూపించాను. ఆయన పెన్ను గట్టిగా పట్టుకుని, ఒక్కో అక్షరం విడివిడిగా, చాలా నెమ్మదిగా రాశాడు. నేను పక్కన నిలబడి చూస్తూ ఉన్నాను. నామినీ అన్న గడి దగ్గర ఆగి, ఇక్కడేం రాయాలి అని అడిగాడు. ఎవరి పేరు రాయమంటావు అన్నాను. ఇంకెవరున్నారు అన్నాడు.