ఎర్ర పోగు కట్టిన డిస్కు

ఈ ఉదయం మా కంప్యూటర్‌లోంచి టిక్కు టిక్కుమని గీరినట్టు చప్పుడు వచ్చింది. చావుకు దగ్గరైన హార్డ్ డిస్కు చేసే చప్పుడది. వినగానే నా చేయి సొరుగులో ఎర్ర నూలు పోగు కోసం వెతికింది. హమీద్ సారు పోయి ఇన్నేళ్లయినా నాకు ఆయన భయం పోలేదు.

హమీద్ సారు పోచంపల్లిలో మాకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. తొంభైల చివర్లో, మా వీధిలో కంప్యూటర్ ముఖం చూసినవాళ్లే లేని రోజుల్లో, ముందు గదిలో ఒకటి పెట్టుకున్నారు. అందులో రెండు డిస్కులు. ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ పడుతుంది కాబట్టి ఒకటి పోయినా ఇంకొకటి మిగులుతుంది. మా బాపు, అంటే నాన్న, గళ్ల కాగితాల మీద గీసిన చీరల డిజైన్లకు చెదలు పడుతున్నాయని నేను ఏడిస్తే, సారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, గడి గడీ లెక్కపెట్టించి నలభై డిజైన్లనూ అందులోకి ఎక్కించారు. రెండేళ్లు పట్టింది. బాపు అప్పటికే పోయారు, కాగితాలూ తర్వాత పొడైపోయాయి. ఆయన గీతలు ఇక ఆ డిస్కుల్లోనే మిగిలాయి.

కొన్నాళ్లకు అందులో ఒకటి తిరగడం మానేసింది. హైదరాబాదు బస్సెక్కి కొత్తది తెచ్చాను. శుక్రవారం జుమ్మా నమాజుకు వెళ్తూ, తానొచ్చేదాకా ముట్టుకోవద్దన్నారు సారు. ఆగితే నేనెందుకవుతాను? మూత విప్పి, చెడిపోయినదాన్ని తీసి కొత్తది పెట్టాను. మిగిలిన పాతదీ కొత్తదీ ఒకే రకం. దేన్నుంచి దేనికి కాపీ చేయాలని తెర మీద అడిగితే తడుముకోకుండా నొక్కేశాను. ఖాళీ డిస్కు నిండు డిస్కును తుడిచిపెట్టేసింది.

సారు వచ్చేసరికి నేను గోడకానుకుని ఏడుస్తున్నాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆసు మీద నూలు చుట్టినంక, మొదలుకు గుర్తు కట్టకుంట ఎన్నడన్న చిటికి కట్టినవా బేటీ?" అని అడిగారు.

ఆసంటే నూలు చుట్టే చట్రం. రంగులో ముంచే ముందు ఆ నూలుకు ముడులు వేయడాన్ని మా ఇళ్లల్లో చిటికి కట్టడమంటారు. మొదలెటో చివరెటో తెలిసేలా మా ఇంట్లో ముందు ఎర్ర పోగు కట్టుకునేవాళ్లం. ఎన్నడూ మరవలేదన్నాను.

"మరి గీడ ఎందుకు కట్టలే?"

విప్పిన మూతను తెచ్చి బిగించాను.

మర్నాడు పొద్దున్నే సారు భూతద్దం, గళ్ల పుస్తకం సంచిలో వేసుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. బాపు నేసిన చీరలు ఎవరెవరి పెట్టెల్లో ఉన్నాయో అమ్మనడిగి రాసుకున్నారు. "కాయితం పోయింది, డిస్కు పోయింది. చీరలు కట్టినోళ్లు ఉన్నరు గద. నడువు" అన్నారు. అమ్మ చీరతో మొదలుపెట్టి రామన్నపేట దాకా తిరిగాం. ఒక ఇంట్లో చీర బొంతయిపోయింది. మోకాళ్ల నొప్పులతోనే సారు ఆ బొంత మీద వంగి పోగులు లెక్కపెట్టారు. ఏడాది తిరిగేసరికి ముప్పై ఒక్క డిజైన్లు దొరికాయి. తొమ్మిది దొరకలేదు. ఆ తొమ్మిదీ నా తొందర వల్లే పోయాయి.

ఇవాళ రెండు డిస్కుల్లో మంచిదానికి ఎర్ర పోగు కట్టాకే స్క్రూడ్రైవర్ పట్టాను. దాని మీది నంబరును తెర మీది నంబరుతో సరిచూసి, దేన్నుంచి దేనికో పైకి చదివి మరీ నొక్కాను. ముప్పై ఒకటీ కొత్తదాంట్లోకి క్షేమంగా దిగాయి. మిగతా తొమ్మిదిని నేనింకా వదిలిపెట్టలేదు. ఎవరింట పెళ్లికి పోయినా పెళ్లికూతురిని కాదు, వెనక వరసలో కూర్చున్న ముసలమ్మల కొంగులనే చూస్తాను.