ఎలియాస్‌కి ఎన్ని రివాల్వర్లు?

మా అన్నయ్య అస్సాఫ్ బడి బస్సు నడుపుతాడు. ఊళ్ళో చెడిపోయిన ప్రతిదీ బాగుచేస్తాడు. నీళ్ళ మోటారు, కుట్టుమిషను, ఒకసారి చర్చి గంట కూడా. పెళ్ళి మాత్రం చేసుకోలేదు. అరవై దగ్గర పడుతున్నా చొక్కా గుండీలు నేనే కుట్టిపెట్టాలి. ఎందుకు చేసుకోలేదో మా కొండ మీద అందరికీ తెలుసు. ఒక రివాల్వర్ వల్ల.

మా తాత ఫారెస్‌ని మల్బరీ తోటలో ఎవరో కాల్చేశారు. శవం పక్కన రివాల్వర్ దొరికింది. దాని మీద గుడ్డు ఆకారంలో ఒక గీత, అందులో మూడు ఫ్రెంచి అక్షరాలు: ఇ, ఎల్, జి. కింద బుల్లి నక్షత్రం. అప్పట్లో ఊళ్ళో ఫ్రెంచి చదువుకున్నవాడు ఎలియాస్ గంతూస్. నీళ్ళ వంతు దగ్గర తాతతో తగాదా పడ్డవాడు కూడా. ఇంకేం కావాలి? ఇ, ఎల్ అంటే ఎలియాస్, జి అంటే గంతూస్. నక్షత్రం వాడి పొగరు. పైగా ఆ నెలలోనే పెళ్ళాం బిడ్డల్ని వదిలేసి ఓడెక్కి బ్రెజిల్ పోయాడు. చంపినవాడు తన పేరున్న తుపాకీని శవం పక్కన పడేసి ఎందుకు పోతాడని మావాళ్ళు ఒక్కరూ అడగలేదు. అంత తెలివి మా ఇంటా వంటా లేదు.

కుర్రతనంలో అన్నయ్య నజ్లాను చేసుకుంటానన్నాడు. నజ్లా ఆ ఎలియాస్ మనవరాలు. నాన్న అరవలేదు, కొట్టలేదు. రివాల్వర్ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టి "చదువు" అన్నాడు. అన్నయ్య చదివాడు. ఆ తర్వాత నజ్లా ఇంటివైపు పోలేదు. ఆమె కూడా ఎవరినీ చేసుకోకుండా మా వీధి చివర రొట్టెల బట్టీ నడుపుకుంటోంది. ఆ రొట్టెలు నాతో తెప్పించుకుని తింటాడు మా మహానుభావుడు.

నాన్న పోయాక రివాల్వర్ అన్నయ్యకి వచ్చింది. ఏడాది ప్రార్థనకి బంధువులు వచ్చేలోగా శుభ్రం చేసి గోడకి తగిలించాలని పట్టుబట్టాడు. కిరసనాయిల్లో నానబెట్టాడు, మరలు ఊడదీశాడు, నూనె రాసి సన్నటి ఇనప పీచుతో తుప్పు గీకాడు. అంతా బాగానే వచ్చింది గానీ, తూటాని కొట్టే గుర్రం మీట కింది స్ప్రింగు విరిగి ఉంది. దానికోసం నన్ను వెంటేసుకుని కొండ దిగి ట్రిపోలీ పట్నంలో అబూ రష్వాన్ పాత సామాన్ల కొట్టుకి వెళ్ళాడు.

అబూ రష్వాన్ ఒక రేకు డబ్బా ముందు పెట్టాడు. నిండా విరిగిన రివాల్వర్లు. అన్నయ్య ఒకటి తీసి వెలుతురులో పట్టుకున్నాడు.

"ఒసే వదాద్, ఇటు చూడవే."

అదే గుడ్డు గీత. అవే అక్షరాలు. కింద నక్షత్రం.

"ఇదీ ఎలియాస్‌దే!" అన్నాడు. ఇంకోటి తీశాడు. మరోటి తీశాడు. "ఎన్ని తుపాకులే వీడికి?"

"దేశంలో ఉన్నవన్నీ వాడే కొన్నాడేమో," అని నవ్వాను. నవ్వుతూనే నేనూ ఒకటి తీసి చూశాను; దాని మీదా అవే అక్షరాలు.

"ఎలియాస్ ఎవడయ్యా?" అన్నాడు అబూ రష్వాన్. "అది బెల్జియం ముద్ర. లియేజ్ అనే ఊళ్ళో తుపాకీ పేల్చి చూసి, బాగుందంటే అది కొడతారు. అక్కడివాటన్నిటికీ ఉంటుంది. ఇంతకీ స్ప్రింగు కావాలా, వద్దా?"

స్ప్రింగు అక్కడే వదిలేసి బయల్దేరాం. రోజూ బస్సు నడిపే దారిలోనే అన్నయ్య తప్పు మలుపు తిప్పాడు.

"అయితే తాతని చంపిందెవరే?"

"నాకేం తెలుసు?"

"అంటే ఎలియాస్ చంపలేదన్నమాట."

"తుపాకీ వాడిదని చెప్పలేం, అంతే. చంపలేదని ఎక్కడుంది?"

"మరి బ్రెజిల్ ఎందుకు పోయాడు?"

"ఆ రోజుల్లో సగం ఊరు పోయింది కదన్నయ్యా!"

నాకు ఏడుపొచ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆయన మీదే కసిరాను.

తిన్నగా బట్టీ ముందు ఆపాడు. నజ్లా పొడుగు చెక్క పారతో రొట్టెలు లోపలికి తోస్తోంది. అన్నయ్య నత్తి నత్తిగా చెప్పాడు: బెల్జియం, ముద్ర, రేకు డబ్బా. "అవి మీ తాత అక్షరాలు కావు, నజ్లా."

ఆమె పార పక్కన పెట్టింది.

"మా తాతే చంపాడని నేనూ నమ్మాను, అస్సాఫ్. మా ఇంట్లో అందరం నమ్మాం. నమ్మే నీకు సరేనన్నాను. మీ ఇంట్లో జీవితాంతం తల దించుకునే ఉందామనుకున్నాను. నువ్వేమో మూడు అక్షరాలు చదివి ఆగిపోయావు."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"నన్నడుగుతావేం? రొట్టె మాడుతోంది, జరుగు."

అన్నయ్య ఓ పక్కకి జరిగి, నా చెవిలో అడిగాడు: "జరగమంది. పొమ్మనలేదు కదే?"

నాకూ అర్థం కాలేదు. ఇద్దరం అక్కడే గోడకి ఆనుకుని నిలబడ్డాం.